విగ్గుకు ఊదు పట్టిన పండుగ

పండుగ పూట ఎవరింట్లోనైనా పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతుంది. ఒకరింట్లో పులిహోర అడుగంటుతుంది, ఇంకొకరింట్లో గారెలు నల్లబడతాయి. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా ఇంట్లో నా జుట్టు మాడింది. కంగారు పడకండి, మాడే వేళకు అది నా నెత్తి మీద లేదు. అసలు అది నాదే కాదు. నాది కాదన్న సంగతి ఎవరికీ తెలియకూడదని నెలల తరబడి నేను పడ్డ పాట్లన్నీ ఒక్క మధ్యాహ్నం పొగై వీధంతా తిరిగొచ్చాయి. అదే మధ్యాహ్నం మస్కట్ నుంచి నా మొగుడూ వచ్చాడు. ఇప్పుడు నవ్వగలుగుతున్నాను కనుక చెబుతున్నాను. ఆ రోజు మాత్రం భూమి చీలితే అందులోకి దూరి, మూత వేసుకుందామనుకున్నాను.

ముందు నా జడ గురించి చెప్పాలి. మాది శ్రీరాంపూర్. మా నాన్న, అంటే బాపు, బొగ్గు బాయిలో, అదే గనిలో, పనిచేసి రిటైరైనవాడు. నన్ను మెట్‌పల్లి దగ్గరి పల్లెలో మా మేనత్త కొడుకు రాజేశానికే ఇచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకే బావ మస్కట్ వెళ్లిపోయాడు. మా దిక్కున అదేమీ విశేషం కాదు, ఏ ఇంటికి పోయినా గోడకొక గడియారం, గల్ఫ్‌లో ఒక మనిషి ఉండటం మామూలే. ఇక నా సంగతంటారా, చదువు అంతంత మాత్రం, పాట రాదు, ముగ్గు వేస్తే గీత వంకర పోతుంది. నాకంటూ ఉన్న పేరల్లా నడుము దాటి వేలాడే ఆ జడే. ఇంకో రమ ఎవరైనా ఉంటే తేడా తెలియాలని నన్ను ‘జడ రమ’ అనేవారు. చిన్నప్పుడు బావ దాన్ని పట్టుకుని లాగితే ఏడ్చేదాన్ని. పెళ్లయ్యాక లాగితే ఏడవడం మానేశాను.

పండుగ వస్తే ఆ జడకు జరిగే మర్యాద చూడాలి మీరు. తలస్నానం కాగానే అవ్వ, అంటే మా అమ్మ, ఒక మట్టి మూకుట్లో నిప్పులు పోసి, వాటి మీద ఊదు చల్లేది. ఊదంటే సాంబ్రాణి. ఆ మూకుడు మీద వెదురు గంప బోర్లించి, గంప మీద నా జుట్టు పరిచేది. సందుల్లోంచి పొగ మెల్లగా వచ్చి జుట్టును ఆరబెట్టేది. ఆ వాసన వారమైనా పోయేది కాదు. మస్కట్ బయలుదేరే రోజు బావ నా జుట్టులో ముఖం పెట్టి, “గీ వాసన ఓ డబ్బల వోసి ఇయ్యరాదే, ఆడ మూత తీసి చూసుకుంట” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లు మాత్రం నవ్వలేదు. ఆ మాట నాలో పాతుకుపోయింది. ఈ మనిషి తిరిగొచ్చేదాకా ఈ జడను, ఈ వాసనను కాపాడి అప్పజెప్పాలి అనుకున్నాను.

శివరాత్రి వెళ్లాక టైఫాయిడ్ వచ్చింది, చూసుకోవడానికి అవ్వ నన్ను శ్రీరాంపూర్ తీసుకొచ్చింది. మంచం మీద ఉన్నన్నాళ్లు జుట్టు బాగానే ఉంది. జ్వరం తగ్గి, నాలుగు ముద్దలు తింటూ, ఇక బతికానురా అనుకున్న ఎండాకాలంలో మొదలైంది. దువ్వెన పెడితే దువ్వెన నిండా, దిండు మీద తల పెడితే దిండు నిండా. అవ్వ ఊడిన జుట్టును చుట్టచుట్టి గూట్లో పెట్టేది, పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. చివరికి గూట్లో ఉన్నది ఎక్కువ, నెత్తి మీద ఉన్నది తక్కువ అయింది. మిగిలిన పోగులను కత్తెరతో సమంగా కత్తిరించి, కరీంనగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం.

“పెద్ద జ్వరం తర్వాత ఇట్లనే ఊడుతదమ్మా, మళ్లీ వస్తది” అన్నాడాయన. “మంచిగ తినండి. జుట్టును గుంజి కట్టొద్దు. దాని మానాన దాన్ని ఉండనియ్యండి.”

ఇంతకన్నా మంచి కబురు ఏ డాక్టరైనా చెబుతాడా? కానీ నాకు వినబడింది ఒక్కటే, బావ వచ్చేనాటికి జడ ఉండదని. డాక్టరు ‘మళ్లీ వస్తది’ అన్నది నిజమే, ‘దసరాలోపు వస్తది’ అనలేదు కదా. బావ దసరాకు వస్తానన్నాడు.

అప్పటికే వీడియో కాల్‌లో నెత్తి మీద చున్నీ కప్పుకుని మాట్లాడుతున్నాను. “ఎండలు మస్తున్నయ్ బావా” అనేదాన్ని. ఇంట్లో కూర్చున్నదానికి ఎండేమిటని ఆయన అడగలేదు. చున్నీ జారినప్పుడల్లా “నెట్‌వర్క్ లే” అని కోసేసేదాన్ని. అవ్వతోనూ బాపుతోనూ ఒట్టు వేయించుకున్నాను. ఎండలో కష్టపడే మనిషికి ఈ బెంగ ఎందుకని పైకి చెప్పాను. లోపలి మాట వేరు. జడ లేని రమను చూసి ఆయన ముఖంలో ఏం మారుతుందో అని భయం. ఒక్క క్షణం మారి మళ్లీ సర్దుకున్నా, ఆ ఒక్క క్షణం నాకు కనబడితే చాలు, నేను తట్టుకోలేను.

అందుకని విగ్గు.

కరీంనగర్ బజారులో సవరాలు, రిబ్బన్లు, గాజులు అమ్మే ఒక దుకాణానికి బాపును వెంటబెట్టుకుని వెళ్లాను. అసలు వెంట్రుకలతో చేసిన విగ్గు ధర వినగానే బాపు దుకాణం మెట్టు దిగబోయాడు. సేటు ఆపి, ప్లాస్టిక్ దారంతో చేసినవి చూపించాడు. అవి మాకు అందుబాటులోనే ఉన్నాయి.

“గిది తీస్కోండ్రి అక్కా” అని మెడ దాకా ఉన్న ఒక పొట్టి విగ్గు నా ముందు పెట్టాడు. “తేలిక. లోపట జాలి ఉన్నది, గాలాడుతది. మరీ నల్లగ ఉండదు, జర మట్టిరంగు కలిసింది. ఎవలు గుర్తువట్టరు.”

“పొడుగుది లేదా?”

“ఉన్నది గని, బరువు. మెడకు రాసుకొని ఊకె చిక్కువడ్తది. మెరుస్తది కూడ.”

“జడేస్తే నడుం దాకా రావాలె.”

సేటు బాపు వైపు చూశాడు. బాపుకు వేరే బెంగ ఉంది. ఆయన పొట్టి విగ్గును పిడికిలికి తొడిగి, ముఖానికి ఎదురుగా పట్టి, గట్టిగా ఊపి చూస్తున్నాడు. జీవితమంతా బాయిలోకి టోపీ పెట్టుకుని దిగిన మనిషి కదా, నెత్తికి పెట్టుకునేది ఏదైనా ఆయన దృష్టిలో టోపీయే.

“బిడ్డా, గిది కదుల్తుంది. గిసొంటి టోపీ పెట్టుకొని పోతే మా సర్దార్ గేటు కాడికెల్లే ఎనుకకు తోల్తుండె. పట్టీ లేదా సేటూ, గదువ కింద కట్టేది?”

“గిది విగ్గు పెద్దయ్యా, హెల్మెట్ కాదు.”

“రాయి వడ్తే ఆగుతదా మరి?”

నేను ఇద్దరినీ వదిలేసి అద్దం ముందు పొడుగు విగ్గు పెట్టుకున్నాను. ముందుకు తిప్పి గుండె మీద వేసుకున్నాను, వెనక్కి విసిరాను. సేటు వెనక నుంచి ఏదో చెబుతున్నాడు. చల్ల నీళ్లతోనే కడగాలట, నూనె పెట్టొద్దట, వేడి తగలనియ్యొద్దట, దువ్వితే కింది కొసల నుంచి దువ్వాలట. “ఆఁ ఆఁ” అన్నాను. అద్దంలో జడ రమ కనబడుతుంటే చెవులు పనిచేస్తాయా చెప్పండి?

ఇల్లు చేరాక అసలు సినిమా మొదలైంది. ఆ పొడుగు విగ్గు బరువుకు వెనక్కి జారుతుంటే, లోపలి క్లిప్పులను నా చెవుల పైన మిగిలిన పోగులకు బిగించి పెట్టేదాన్ని. లోపల చెమట, దురద. నలుగురిలో గోక్కుంటే విగ్గు మొత్తం కదులుతుంది కనుక, దురద పుట్టినచోట వేలితో తట్టుకునేదాన్ని. వీధిలో వాళ్లు నాకేదో ఆలోచించే అలవాటైందనుకున్నారు.

పక్కింటి లక్ష్మక్క అయితే నన్ను తేరిపార చూసి, “అంత జ్వరమొచ్చినా ఒక్క ఎంటిక ఊడలేదేందే? ఏం నూనె వెడ్తున్నవ్?” అని అడిగింది.

నిజం చెప్పలేను, ఊరికే ఉండలేను. “మెంతులు, కరివేపాకు, ఉల్లిగడ్డ రసం, గోరింటాకు, ఆముదం అన్నీ కలిపి కాగవెట్టాలక్కా” అని నోటికొచ్చిన దినుసులన్నీ చెప్పేశాను. ఆ మహాతల్లి నిజంగానే కాచుకుంది. ఆ తర్వాత ఆమె వీధి మలుపు తిరగకముందే ఆమె వస్తున్నట్టు మాకు వాసన తెలిసేది.

ఇంతలో నేను ఇంకో ఘనకార్యం చేశాను. బావ ఏ వేళకు ఫోన్ చేస్తాడో తెలియదని, పడుకున్నా విగ్గు తీయడం మానేశాను. ఒకరోజు పొద్దున అవ్వ నా నెత్తి మీంచి దాన్ని బలవంతంగా తీసి చూసింది. నడినెత్తి మీద కొత్త జుట్టు పెసర మొలకల్లా సన్నగా, మెత్తగా వస్తోంది. చెవుల పైన క్లిప్పులు పెట్టిన చోట మాత్రం అరచేతిలా నున్నగా ఉంది.

అవ్వ నా చేయి పట్టుకుని ఆ నున్నటి చోట పెట్టింది.

“సూడు. ఒక దిక్కు వస్తుంటే ఇంకో దిక్కు నువ్వే పీకుతున్నవ్. నీ నెత్తి నీకేం పాపం జేసిందే?”

“బావ వచ్చేదాకనే అవ్వా. జర ఓపిక వట్టు.”

“గా ఉత్త పోగులకు రోజు దువ్వెన వెడ్తవ్, చిక్కు దీస్తవ్, సంచిల వెట్టి దాస్తవ్. నీ సొంత ఎంటికలను ఎన్నడన్న సక్కగ చూసుకున్నవా?”

నిజంగానే కొత్త జుట్టును నేను ఒక్కసారి కూడా అద్దంలో చూసుకోలేదు. చూస్తే ఏడుపొస్తుందని తప్పించుకున్నాను. అవ్వ తన పాత నూలు చీర చింపి, నా తలకు సరిపడా పలుచని టోపీ కుట్టి, విగ్గు కింద పెట్టుకోమంది. ఇంట్లో ఉన్నంతసేపు నెత్తికి గాలి తగలాలంది. పగలు విన్నాను, ఫోన్ మోగితే మరిచిపోయాను.

దసరా దగ్గరపడింది. బావ సద్దుల బతుకమ్మ నాటికి దిగి, విమానాశ్రయం నుంచి నేరుగా శ్రీరాంపూర్ వస్తానన్నాడు. పండుగకు ఆడపిల్ల తల్లిగారింట్లో ఉంటుంది కదా, అల్లుడే వస్తాడు. అంతా బాగానే ఉంది, విగ్గు వాసన తప్ప. ఎన్ని నెలలైనా దానికి కొత్త ప్లాస్టిక్ సంచి వాసన పోలేదు. ఫోన్‌కు ముక్కు లేదు కనుక అన్నాళ్లు బండి నడిచింది. కానీ బావ రాగానే ఏం చేస్తాడో నాకు తెలుసు. ముఖం తెచ్చి జుట్టులో పెడతాడు.

అదిగో, అక్కడ పుట్టింది నా బుర్రలో ఆ దివ్యమైన ఆలోచన. జుట్టు ఎవరిదైతేనేం, పండుగ మర్యాదలన్నీ జరిపిస్తే ఊదు వాసన రాకుండా ఎక్కడికి పోతుంది?

పొద్దున్నే బాపు తంగేడు, గునుగు పువ్వు తెచ్చి వాకిట్లో పోశాడు. అవ్వ వంటింట్లో సద్దులు, అంటే బతుకమ్మకు పెట్టే అన్నాలు, కలుపుతోంది. నేను స్నానాల గదిలోకి విగ్గుతో పాటు వెళ్లి, నాకంటే ముందు దానికి తలస్నానం చేయించాను. మా ఇంట్లో స్నానాల నీళ్లకు ఇప్పటికీ పెరట్లో బొగ్గు పొయ్యే. పొగలు కక్కే నీళ్లలో ముంచి, కుంకుడుకాయ రసం పోసి, చీర ఉతికినట్టు రెండు చేతులా పిసికాను. బయటికి తీసేసరికి అది జుట్టులా లేదు, కొబ్బరి పీచులా ఉంది. పోనీలే, నూనె పెడితే లొంగుతుందిలే అనుకుని దోసిట్లో కొబ్బరినూనె వంపుకుని దట్టించాను. కొబ్బరి పీచు కాస్తా నూనెలో తీసిన కొబ్బరి పీచయింది.

ఇక ఊదు ఒక్కటే దిక్కు. అవ్వ ఊదుకు వాడేది కొబ్బరి చిప్పల నిప్పు. బూడిద పట్టి, సగం నిద్రపోతున్నట్టుండే నిప్పు. నాకు అంత ఓపిక ఏది? నీళ్ల పొయ్యిలోంచే పారతో ఎర్రటి నిప్పులు ఎత్తి మూకుట్లో పోశాను. అది బాయి బొగ్గు. ఒకసారి రాజుకుందంటే పొద్దుగూకినా చల్లబడదని మా బాయి కార్మికుల కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. ఊదు చల్లాను, గంప బోర్లించాను, గంప మీద విగ్గును ఎంతో ప్రేమగా పరిచాను. అప్పుడే ఫోన్ మోగింది.

“రమా, పెద్దపల్లి దాటినం.”

“అప్పుడేనా?”

“డ్రైవర్ జోరు మీదున్నడు. ఏం జేస్తున్నవ్?”

“నెత్తికి ఊదు వట్టుకుంటున్న బావా.”

అటువైపు ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు వింటూ లోపలికి వెళ్లి, పెట్టె తెరిచి, ఏ చీర కట్టుకోవాలో ఆయననే అడుగుతూ కూర్చున్నాను. ముచ్చట్లో పడి ఎంతసేపైందో తెలియలేదు. లేపింది వాసనే. అది ఊదు వాసన కాదు.

“రమా!” అవ్వ కేక. “ఏం గాలుతుందే?”

“ఏం లేదవ్వా!”

“ఏం లేదేందే, కండ్లు మండుతున్నయ్!”

గోడ అవతలి నుంచి లక్ష్మక్క మొగుడు, “కరెంట్ వైర్ గాలుతుంది! మెయిన్ బంద్ జెయ్యుండ్రి!” అని అరిచి, వచ్చి మా మెయినే కాక వాళ్లదీ ఆపేశాడు. నేను పెరట్లోకి పరుగెత్తాను. గంప మీద నా నడుం దాకా జడ ముడుచుకుపోతూ, బుసబుసమంటూ, నల్లటి పొగ వదులుతోంది. ఒక్క ఉదుటున గంపను పైకి లాగాను. విగ్గు గంపకు కరుచుకుపోయి గంపతో పాటే వచ్చింది.

ఇంతలో బాపు వచ్చాడు. పొగ చూడగానే ఆ మనిషిలో ముసలితనం ఎటు పోయిందో, మళ్లీ బాయి కార్మికుడైపోయాడు.

“బయటికి! అందరు బయటికి నడువుండ్రి! ఎవలు ఎనుకకు తిరగద్దు!”

“బాపూ, అది పొయ్యి కాదు, నా...”

“మాట్లాడకు, ముక్కు మూసుకో! నడువు!”

మూకుడు మీద మట్టి కుమ్మరించాడు, నా చేతిలోని గంప మీద బకెట్ నీళ్లు గుమ్మరించాడు, అవ్వను వంట గరిటెతో సహా భుజం పట్టి వీధిలోకి నడిపించాడు. ఆయన కేకలకు అటు ఇటు ఇళ్లవాళ్లు కూడా బతుకమ్మలు పేర్చడం ఆపి బయటికి వచ్చేశారు. అందరూ వచ్చాక బాపు తలలు లెక్కపెట్టాడు. లెక్కపెడుతూ నా తల దగ్గర ఆగిపోయాడు. వీధి మొత్తం అక్కడే ఆగిపోయింది.

నా నెత్తి మీద ఏమీ లేదు. నూలు టోపీ కూడా లేదు. పెసర మొలకలంత జుట్టు, చెవుల పైన రెండు నున్నటి మచ్చలు, అంతే.

మొదట లక్ష్మక్క గొంతు లేచింది. “నేను గా నూనె ఇంకా రాసుకుంటనే ఉన్న గదనే రమా!”

దానికి జవాబు చెప్పేలోపే వీధి మలుపులో కారు హారన్ మోగింది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నా చేతిలో గంప ఉంది. బోర్లించి నెత్తి మీద పెట్టుకుని, మెడ దాకా దిగలాక్కుని, అరుగు మీద కూర్చుండిపోయాను. గంప పైన కాలిన విగ్గు అతుక్కుని ఉన్న సంగతి ఆ తొందరలో గుర్తులేదు. లోపల చీకటి, బొగ్గు కంపు, మెడ మీదికి కారుతున్న నీళ్లు. కారు ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు. అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి.

“అత్తా” అన్నాడు బావ మెల్లగా, “గీ గంపకు ఎంటికలెట్ల మొలిసినయ్?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ వాళ్లను కసిరింది. బావ వచ్చి నా ముందు నేల మీదే కూర్చున్నట్టుంది, గంప సందుల్లోంచి ఆయన చొక్కా గుండీలు కనబడ్డాయి.

“లోపట ఉన్నది రమనేనా?”

“ఊఁ.”

“బయటికి రావా?”

“రాను.”

“మరి తినుడు ఎట్ల?”

“సందుల్లకెల్లి పెట్టు.”

“ఎన్ని దినాలు?”

“మొలిసేదాక.” ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. “బావా, నా జడ లేదు. ఎండకాలమే పోయింది. ఫోన్ల నువ్వు చూసింది నాది కాదు, కరీంనగర్ల కొన్న. నేను నీకు అబద్ధం జెప్పిన.”

“నాకెరుకే.”

గంప లోపల నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. “ఎవలు జెప్పిండ్రు? అవ్వనా?”

“ఎవలు జెప్పలే. నీ పాపిడ జెప్పింది. ఒకనాడు కుడి దిక్కుంటది, ఒకనాడు ఎడమ దిక్కుంటది. ఓసారైతే చెవు మీదికొచ్చి కూసున్నది. నవ్వు ఆపుకోలేక నేనే నెట్‌వర్క్ లేదని కోసేసిన.”

వీధి మొత్తం పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. “మరి అన్ని నెలలు ఎరుకైతే అడగకపోతివి? ఈడ నేను సచ్చి సున్నమైతున్న!”

బావ గొంతు తగ్గించి, గంపకు దగ్గరగా వచ్చి అన్నాడు. “అడుగుతే నువ్వు సిగ్గువడి వీడియో బంద్ జేస్తవని భయమైంది. పని దిగి రూముకొచ్చినంక నీ మొఖం చూసుడు ఒక్కటే నాకుండేది. గది కూడ పోతే ఎట్ల రమా? పాపిడ ఏడుంటే నాకేంది, మొఖం నడిమిట్ల ఉన్నది చాలు.”

ఇన్నాళ్లూ నేను ఆయన ముఖం మారుతుందేమో అని భయపడ్డాను. ఆయనేమో నా ముఖం కనబడదేమో అని భయపడ్డాడు. ఇద్దరం ఒకే ఫోన్‌కు రెండు వైపులా కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం భయపడుతూ ఎండల గురించి మాట్లాడుకున్నాం. నా మీద నాకు కోపం వచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. గంప తీసేశాను.

అప్పుడు చూశాను, నేను అంతగా భయపడ్డ ఆ క్షణాన్ని. ఆయన ముఖం నిజంగానే మారింది. చిన్నపిల్లాడి ముఖమైంది.

“చిన్నప్పుడు వేములవాడల గుండు కొట్టిచ్చినంక అచ్చం గిట్లనే ఉంటివి” అని నా నెత్తి మీద అరచేయి పెట్టి మెల్లగా రాశాడు. “మెత్తగున్నదే!”

“అల్లుడా, జర దూరం జరుగు” అన్నాడు బాపు వెనక నుంచి. “గా గంప ఇంకా సల్లారలే.”

ఆ సాయంత్రం బతుకమ్మ ఆటకు విగ్గూ చున్నీ లేకుండానే వెళ్లాను. పూలు ఎక్కడ పెట్టాలో తెలియక అవ్వ ఒక చామంతిని చెవి వెనక ఇరికించింది, అది నాలుగు చప్పట్లకు జారిపోయింది. వంగి లేచినప్పుడల్లా నెత్తికి చల్లగాలి తగిలేది. అంత హాయి అన్ని నెలల్లో ఎరగను. చూసేవాళ్లు చూశారు, అడిగినవాళ్లకు టైఫాయిడ్ అని చెప్పాను. రెండో పాట అయ్యేసరికి అడగడం ఆపేశారు. లక్ష్మక్క మాత్రం నూనె సంగతి తేలేదాకా నా పక్కనుంచి కదల్లేదు.

నేను విగ్గులకు శత్రువునేమీ కాదు, ఆ పేరు నాకు అంటగట్టకండి. చెవుల పైన జుట్టు రావడానికి మరీ ఆలస్యమైంది. అన్నాళ్లూ ఆ సేటు మొదట చూపించిన పొట్టి విగ్గునే తెచ్చి, నూలు టోపీ మీద వదులుగా పెట్టుకుని పెళ్లిళ్లకు వెళ్లాను. క్లిప్పులు వాడలేదు. ఇంటికి రాగానే తీసి, చల్లటి నీళ్లలో ఇంత షాంపూ వేసి ముంచి, పిండకుండా నీడన ఆరేసేదాన్ని. ఎవరైనా అడిగితే విగ్గనే చెప్పేదాన్ని. చక్కగా కుదిరింది, ఎందుకంటే దాని కింద నేను దాచుకునేది ఏమీ లేదు. ఊరికే ఒక అలంకారం, గాజుల్లాగా. ఇప్పుడు నా జుట్టు భుజాల దాకా వచ్చింది. నడుం దాకా వస్తుందో రాదో తెలియదు. వచ్చినంతే వస్తుందని ఊరుకున్నాను.

అయినా మనిషిని కదా, నా మీద నాకు పూర్తి నమ్మకం లేదు. అందుకే మీ అందరి సాక్షిగా, కుడి చేయి నా సొంత నెత్తి మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నా ఒంటి మీద మొలవని దేన్నీ ఈ జన్మలో నిప్పుల మీద ఆరబెట్టను. నన్ను చూడటానికే సముద్రం దాటి వచ్చిన మనిషితో ఇంకెప్పుడూ గంప లోపలి నుంచి మాట్లాడను.